రెండో మట్టి పరీక్ష

ఏ కట్టడం మొదలుపెట్టినా ముందు స్థలంలోకి దిగేది మూడు కాళ్ల ఇనుప స్టాండు. దాని నెత్తిన కప్పీ, కప్పీ మీద మోకు, మోకు చివర 63.5 కిలోల సుత్తి. బోరు వేసి, అడుగుకు ఒక బోలు గొట్టం దింపి, ఆ సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. గొట్టం దిగే మొదటి 15 సెంటీమీటర్లు లెక్కలోకి రావు. ఆ తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయన్నదే అసలు లెక్క. నాలుగైదు దెబ్బలకే దిగిపోతే నేల వదులు. యాభై కొట్టినా మొరాయిస్తే గట్టి మొరమో, రాయో తగిలినట్టు. గొట్టంలో ఇరుక్కొచ్చిన మట్టిని పాలిథిన్ సంచిలో వేసి, లోతు రాసిన చీటీ కట్టి లాబుకు పంపుతారు. కొన్నాళ్లకు, ఈ నేల చదరపు మీటరుకు ఇన్ని టన్నులు మోస్తుందని రిపోర్టు వస్తుంది. ఇంజినీరు దాన్ని చూసి పునాదుల లోతు తేలుస్తాడు.

మన దగ్గర మట్టి పరీక్ష అంటే ఇంతే. కమ్యూనిటీ హాలు కుంగుతుందా, నిలుస్తుందా అన్నది ఇది చెబుతుంది. ఆవరణలో ఆడుకునే పిల్లల గోళ్ల సందున చేరే మట్టిలో సీసం ఉందా, గచ్చు పగుళ్లలోంచి ఏ ఆవిరి పైకొస్తోంది, బోరు నీళ్లలో ఏం కలుస్తోంది అన్నవి దీని పరిధిలో లేవు. నిన్నటిదాకా జొన్న చేనుగా ఉన్న స్థలానికి ఈ పరీక్ష చాలు. నలభై యాభై ఏళ్లు ఫ్యాక్టరీ నడిచిన స్థలానికి చాలదు. అక్కడ రెండోది కావాలి, రసాయన పరీక్ష. ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, అలాంటి స్థలాలు మన ఊళ్లలో ఒక్కసారిగా చేతులు మారబోతున్నాయి.

హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు లోపల ఉన్న పాత పారిశ్రామికవాడల్లో తొమ్మిది వేల ఎకరాల పైచిలుకు భూమిని నివాసాలకు, ఇతర అవసరాలకు మార్చుకునే వీలు కల్పిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2025 నవంబరులో ఒక విధానం తెచ్చింది. బాలానగర్, సనత్‌నగర్, జీడిమెట్ల, ఉప్పల్, నాచారం, మల్లాపూర్, కాటేదాన్ అన్నీ ఆ జాబితాలోవే. వరంగల్‌లో ఈ కథ ముందే నడిచింది. 1934లో నిజాం హయాంలో మొదలైన ఆజంజాహి మిల్లు మూతపడ్డాక ఆ నేల ఇళ్ల ప్లాట్లుగా మారింది. ఆ విధానం మంచిచెడ్డల రాజకీయాన్ని ఇక్కడ పక్కన పెడదాం. ఊరి నడిబొడ్డున ఖాళీ జాగా దొరకడమే గగనమైన రోజుల్లో, మూతపడ్డ షెడ్డు ఉన్నచోట గ్రంథాలయం, ఆటస్థలం, పెళ్లిళ్లకు హాలు, ముసలివాళ్లు పొద్దున కూర్చునే అరుగు వస్తాయంటే వద్దనడం తెలివితక్కువ. నేను చెప్పేదల్లా, ప్లాను గీసే పెన్సిలు కన్నా ముందు మట్టి తీసే గొట్టం దిగాలని. పాత పరిశ్రమ స్థలంలో కింద ఉన్నదే పైన ఏం కట్టాలో, ఎక్కడ కట్టాలో నిర్ణయిస్తుంది. దాన్ని కాదని కట్టినవాళ్లూ ఉన్నారు, ఒప్పుకుని కట్టినవాళ్లూ ఉన్నారు. ఇద్దరి కథలూ చెబుతాను.

ముందు, కింద ఏముంటుందో చూద్దాం. ఇది పూర్తిగా ఆ స్థలంలో నడిచిన వృత్తిని బట్టి ఉంటుంది. బ్యాటరీలు కరిగించినచోట సీసం. ఎలక్ట్రోప్లేటింగ్ షాపు ఉన్నచోట క్రోమియం, నికెల్, కొన్నిసార్లు సయనైడ్. లేతు మెషీన్లు తిరిగినచోట కటింగ్ ఆయిలు, లోహపు భాగాల జిడ్డు వదలగొట్టే ట్రైక్లోరోఇథిలీన్ లాంటి ద్రావకాలు. బట్టల మిల్లులో అద్దకపు రంగులు, బాయిలరు బూడిద. పాత ట్రాన్స్‌ఫార్మర్లు నిలబడ్డ దిమ్మె చుట్టూ పీసీబీలు అనే మొండి నూనెలు. ఎక్కడైనా డీజిలు, ఫర్నేసు ఆయిలు మామూలే.

నేలలో ఇవన్నీ ఒకేలా నడవవు. సీసం పడ్డచోటే పైపొరలో కూర్చుంటుంది, దశాబ్దాలు గడిచినా కదలదు. దాని దారి దుమ్ము, పిల్లల చేతులు. చిన్నపిల్లలు తెలియకుండానే రోజుకు 200 మిల్లీగ్రాముల దాకా మట్టి మింగుతారని లెక్కవేసుకునే అమెరికా పర్యావరణ సంస్థ తన పరిమితులు కడుతుంది. నివాస స్థలాల్లో కిలో మట్టికి 400 మిల్లీగ్రాముల సీసం దాటితే చూడాలన్న పాత గీతను 2024లో ఆ సంస్థే 200కు దించింది. డీజిలు, పెట్రోలు నీటికన్నా తేలిక కనుక భూగర్భజలం మీద తేలి ఆగుతాయి. ట్రైక్లోరోఇథిలీన్ నీటికన్నా బరువు. అది జలపొరను దాటుకుని కిందికి పోతూనే ఉంటుంది, రాతి దాకా దిగి అక్కడి పగుళ్లలో నక్కుతుంది. పైగా అది ఆవిరయ్యే గుణమున్నది కనుక కిందనుంచి మళ్లీ గాలిగా పైకొస్తుంది.

క్రోమియం సంగతి ఇంకా వింత. అది నేలలో రెండు వేషాల్లో ఉంటుంది. మూడో సంయోజకతలో ఉన్నప్పుడు మట్టిని అంటిపెట్టుకుని దాదాపు నీళ్లలో కరగదు, పెద్దగా అపకారం చెయ్యదు. ఆరో సంయోజకతలోకి మారితే పసుప్పచ్చగా నీళ్లలో కరిగి ప్రవహిస్తుంది, ఆ దుమ్ము పీలిస్తే క్యాన్సరు తెస్తుంది. చిత్తూరు సరిహద్దుకు ఆవల రాణిపేటలో మూతపడ్డ ఒక క్రోమేటు కర్మాగారం వెనక లక్ష టన్నులకు పైగా ఇలాంటి వ్యర్థం గుట్టపడింది. వాన పడ్డప్పుడల్లా దాని ఊట పచ్చగా చుట్టుపక్కలకు దిగుతూ వచ్చింది. దీనికి విరుగుడు మన పాత వైద్యులకు తెలిసిన సరుకే. అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేటు, నేలలోకి ఎక్కిస్తే అందులోని ఇనుము తన ఎలక్ట్రాన్లిచ్చి ఆరో వేషాన్ని మూడో వేషంలోకి దించుతుంది. క్రోమియం పోదు, పళ్లు పీకేసినట్టవుతుంది. లోపం ఒక్కటే. నేల బాగా క్షారంగా ఉన్నచోట ఈ మందు సరిగా పట్టదు, మోతాదు తప్పితే కొంతకాలానికి మళ్లీ పసుపు ఊట మొదలవుతుంది.

ఇక కథల్లోకి.

అమెరికాలో సియాటిల్ నగరం, లేక్ యూనియన్ ఉత్తరపు ఒడ్డున 1906 నుంచి 1956 దాకా ఒక గ్యాసు ఫ్యాక్టరీ నడిచింది. మొదట బొగ్గును, 1937 తర్వాత నూనెను గాలి తగలకుండా కాల్చి, వచ్చే గ్యాసును ఊరి వీధిదీపాలకు, పొయ్యిలకు పంపేవారు. బొగ్గు నుంచి గ్యాసు పోగా మిగిలేది తారు, మసి, బెంజీను. యాభై ఏళ్ల పాటు అవి అక్కడే కారాయి, ఒలికాయి, పూడ్చబడ్డాయి. పైపులైన్లో సహజవాయువు వచ్చాక ఫ్యాక్టరీ మూతపడింది. 1962లో నగరపాలక సంస్థ ఆ ఇరవై ఎకరాలను పార్కు కోసం కొంది. ఎవరి ఊహలోనైనా తరువాయి ఒక్కటే: తుప్పుపట్టిన టవర్లను పడగొట్టడం, మట్టి ఎత్తి పారేయడం, గడ్డి పరవడం.

1970లో ఈ పని అప్పగించిన ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు రిచర్డ్ హాగ్ అడ్డం తిరిగాడు. టవర్లు ఉండాలన్నాడు. బాయిలర్ల గదిని వనభోజనాల షెడ్డు చేశాడు, పొయ్యిలతో సహా. గ్యాసును నెట్టే కంప్రెసర్ల గదిలో యంత్రాలకు రంగులేసి పిల్లల ఆటలకు ఇచ్చాడు. అసలు తెగువ మట్టి దగ్గర చూపించాడు. అంత తారు మట్టిని ఎత్తి ఇంకో ఊరి మీద పోసే బదులు, నేలలోనే బాగుచేద్దామన్నాడు. మట్టిలో సహజంగానే హైడ్రోకార్బన్లను తినే బ్యాక్టీరియా ఉంటుంది. తారులో కార్బన్ దండిగా ఉంది కానీ నత్రజని, భాస్వరం, గాలి కరవు. అందుకని పైపొరను దున్ని, మురుగుశుద్ధి కేంద్రం బురద, రంపపు పొట్టు, ఆకుచెత్త కలిపించాడు. మిగిలిన శిథిలాలను, మురికి మట్టిని ఒకచోట గుట్టపోసి పైన మంచి మట్టి కప్పి గడ్డి వేశాడు. ఇవాళ సియాటిల్ పిల్లలు గాలిపటాలు ఎగరేసే కొండ అదే. 1975లో పార్కు తెరిచారు. మట్టిని అక్కడికక్కడ జీవులతో శుద్ధి చేయడానికి జరిగిన తొలి పెద్ద ప్రయత్నాల్లో దీన్ని చెప్పుకుంటారు.

ఇక్కడితో ఆపితే అందమైన కథ. కానీ 1984లో పరీక్షలు చేస్తే, పైపొరలో పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లు ఇంకా కనిపించాయి. పార్కును కొంతకాలం మూసి, కొత్త మట్టి కప్పాల్సి వచ్చింది. కారణం రసాయనంలోనే ఉంది. ఇవన్నీ బెంజీను వలయాలు ఒకదానికొకటి అతుక్కున్న అణువులు. రెండు వలయాలుంటే నాఫ్తలీన్, మన బట్టల బీరువాలో వేసే కలరా ఉండలు. దాన్ని బ్యాక్టీరియా వారాల్లో తినేస్తుంది. మూడు వలయాల దాకా ఫర్వాలేదు. నాలుగు, అయిదు వలయాలకు వచ్చేసరికి అణువు పెద్దది, నీళ్లలో కరగదు, మట్టి రేణువు లోపల దాక్కుంటుంది. బ్యాక్టీరియాకు అందదు. దురదృష్టం కొద్దీ క్యాన్సరు తెచ్చే బెంజోపైరీన్ అయిదు వలయాల కోవలోదే. హాగ్ పద్ధతి తప్పు కాదు, తేలిక సరుకును తీసేసింది, మొండి సరుకును వదిలేసింది. తర్వాతి కాలంలో పార్కు ఒక మూల భూగర్భజలంలోకి గాలి పంపి బెంజీనును తరిమారు. ఒడ్డున సరస్సు అడుగు బురదలో మాత్రం తారు అలాగే ఉంది. ఆ పార్కులో సరస్సులోకి దిగడం, ఈదడం నేటికీ నిషేధం.

ఈ నిషేధపు బోర్డును నేను వైఫల్యంగా చూడను. జనం ఆ స్థలాన్ని హాయిగా వాడుకుంటున్నారు, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో వాళ్లకు చెప్పారు. అది నిజాయితీ.

నిజాయితీ లోపించినచోట ఏమవుతుందో న్యూయార్క్ రాష్ట్రంలోని లవ్ కెనాల్ చూపించింది. నయాగరా ఫాల్స్ పట్టణంలో సగం తవ్వి వదిలేసిన కాలువలో హుకర్ కెమికల్ కంపెనీ 1942 నుంచి 1953 వరకు సుమారు 20,000 టన్నుల రసాయన వ్యర్థాలు పూడ్చి, పైన బంకమట్టి కప్పింది. 1953లో ఆ స్థలాన్ని బడి కోసం విద్యాశాఖ బోర్డుకు ఒక్క డాలరుకు ఇచ్చింది. దస్తావేజులో, కింద రసాయనాలున్నాయి, ఏం జరిగినా మాది పూచీ కాదని ఒక వాక్యం రాయించుకుంది. బోర్డు తీసుకుంది. బడి కడుతుండగా పునాదుల్లో పీపాలు బయటపడ్డాయి. కట్టడాన్ని కొన్ని గజాలు పక్కకు జరిపి పని కానిచ్చారు. 1955లో పిల్లలు బడికొచ్చారు. చుట్టూ ఇళ్లు లేచాయి. రోడ్లకు, మురుగు పైపులకు తవ్వినప్పుడు కాలువ పక్కగోడల బంకమట్టి తెగింది. పైకప్పు మట్టి కూడా అక్కడక్కడా పోయింది. 1970లలో వానలు, మంచు ఎక్కువ పడేసరికి ఆ కాలువ మూత తీసిన కుండలా నిండి పొంగి, రసాయనాలు ఇళ్ల నేలమాళిగల్లోకి చేరాయి. 1978 ఆగస్టులో రాష్ట్రం అత్యవసర పరిస్థితి ప్రకటించింది, అధ్యక్షుడు కార్టర్ కేంద్ర సాయం ప్రకటించాడు, వందల కుటుంబాలను తరలించారు. కాలనీ గృహిణి లోయిస్ గిబ్స్ నడిపిన ఉద్యమం వల్లే 1980లో ఇలాంటి స్థలాల శుద్ధికి సూపర్‌ఫండ్ చట్టం వచ్చిందంటే అతిశయోక్తి కాదు.

లవ్ కెనాల్లో పూడ్చిన విషం కన్నా, దాన్ని ఎరిగి కట్టడమే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరుస్తుంది. కాగితం మీద హెచ్చరిక ఉంది. పునాదిలో పీపా కనిపించింది. ఖర్చు లేని స్థలం అన్న ఆశ రెండింటినీ గెలిచింది. చౌకగా వచ్చిన ఫ్యాక్టరీ స్థలం పట్ల మన మున్సిపాలిటీలకు కూడా అదే ఆశ ఉంటుంది.

ఇప్పుడు అసలు పని, రెండో పరీక్ష ఎలా చేస్తారన్నది. మొదటి మెట్టు దాదాపు ఉచితం. తవ్వకముందు ఆ స్థలం చరిత్ర రాబట్టాలి. పాత లేఅవుటు నకళ్లు, ఫ్యాక్టరీల శాఖ లైసెన్సులు, బాయిలరు రిజిస్ట్రేషను, పాత ఉపగ్రహ చిత్రాలు. అన్నిటికన్నా విలువైనది రిటైరైన ఫోర్‌మన్ జ్ఞాపకం. యాసిడ్ తొట్టెలు ఎక్కడుండేవి, పీపాలు ఎక్కడ కడిగేవారు, వానాకాలం రాత్రిపూట మురుగు ఎటు వదిలేవారు అన్నది ఏ నక్షాలోనూ ఉండదు, ఆయనకు తెలుసు. కాలనీలో టీకొట్టు దగ్గర దొరుకుతాడు.

ఆ జాగాలు గుర్తుపెట్టుకుని బోర్లు వెయ్యాలి. పునాది పరీక్షకు వేసే బోరునే ఇందుకూ వాడుకోవచ్చు, ఖర్చు కలిసొస్తుంది. కానీ మట్టి పట్టే తీరు మారాలి. పాలిథిన్ సంచిలో వేసిన మట్టిలోంచి బెంజీను, ట్రైక్లోరోఇథిలీన్ లాబుకు చేరేలోపే ఎగిరిపోతాయి. సున్నా అని రిపోర్టు వస్తుంది, అందరూ సంతోషిస్తారు. ఆవిరయ్యే వాటికోసం మట్టిని బయటికి తీసిన వెంటనే గాజుసీసాలో అంచుదాకా కూరి, మూత బిగించి, మంచుపెట్టెలో పెట్టి పంపాలి. ఇంకో కిటుకు కూడా ఉంది. పది చోట్ల మట్టి తీసి కలిపి ఒకే నమూనాగా పంపితే ఖర్చు తగ్గుతుంది, కానీ ఒకచోట ఉన్న విషం తొమ్మిది చోట్ల మంచిమట్టిలో పలచబడి పరిమితి లోపలే కనిపిస్తుంది. రిపోర్టులో నమూనాలు విడివిడిగా ఉన్నాయా, కలగలిపారా అన్నది చూడటానికి కెమిస్ట్రీ చదవక్కర్లేదు.

మన నేలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. హైదరాబాద్ గ్రానైటు మీద కూర్చున్న ఊరు. పైన కొన్ని మీటర్లు మెత్తబడిన రాయి, దాని కింద పగుళ్లు తప్ప నీటికి దారిలేని గట్టి రాయి. ఇసుక నేలలో కాలుష్యం ఏ వైపు ఎంత వేగంతో పాకుతుందో లెక్కగట్టవచ్చు. పగుళ్ల రాతిలో అది ఒక సన్నని గీత పట్టుకుని ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు, పక్క ప్లాటు బోరులో లేనిది రెండు వీధుల అవతల తేలుతుంది. కమ్యూనిటీ హాలు అనగానే మనం చేసే మొదటి పని బోరు వేయించడం. పైపొరలో ద్రావకం చిక్కుకుని ఉన్న స్థలంలో అలా బోరు వేయడమంటే ఆ విషానికి లోతైన నీళ్లదాకా నిట్టనిలువు దారి తీయడమే. ఇంకుడు గుంత కూడా అంతే. మామూలు స్థలంలో ఇంకుడు గుంత పుణ్యం. ఇలాంటిచోట వాననీరు మట్టిలోని క్రోమియాన్ని, ద్రావకాలను కడిగి కిందికి దింపుతుంది. అనుమతి కాగితంలో ఇంకుడు గుంత తప్పనిసరి అని ఉంది కాబట్టి తవ్వేస్తారు, తవ్వకూడనిచోట తవ్వారని అడిగేవాళ్లుండరు. ఇక్కడ పైకప్పు నీటిని తొట్టెలో పట్టి వాడుకోవాలి, లేదా పరీక్షలో శుభ్రంగా తేలిన మూలకు తీసుకెళ్లి ఇంకించాలి.

ఆవిరి సంగతికి వస్తే, ఇంటి లోపలి గాలి వెచ్చబడి పైకి పోతున్నప్పుడు, ఎగ్జాస్టు ఫ్యాన్లు తిరుగుతున్నప్పుడు హాల్లో ఒత్తిడి కొంచెం తగ్గి, గచ్చు పగుళ్లలోంచి, పైపుల సందుల్లోంచి నేలలోని గాలి లోపలికి లాగబడుతుంది. దీనికి మంచి విరుగుడే ఉంది. గచ్చు వేయకముందు కంకర పరిచి అందులో చిల్లుల పైపులు పెడతారు, దాని మీద మందపాటి పాలిథిలీన్ షీటు పరిచి అతుకులు వేడితో మూస్తారు, ఆ పైన కాంక్రీటు. చిల్లుల పైపును కప్పు దాకా లేపి చివర చిన్న ఫ్యాను పెడతారు. అది ఎప్పుడూ తిరుగుతూ కిందిగాలిని ఆకాశంలోకి వదులుతుంది. నేలలోంచి వచ్చే రేడాన్ వాయువు కోసం పుట్టిన పద్ధతి ఇది, ఇప్పుడు ద్రావకాల స్థలాలన్నిటికీ వాడుతున్నారు. కట్టేటప్పుడైతే ఇది చిన్న ఖర్చు. కట్టాక చెయ్యాలంటే గచ్చు పగలగొట్టాలి.

మట్టిని తవ్వి పారేస్తే సరిపోదా అని అడుగుతారు. కొన్నిచోట్ల అదే సరి. మరీ మురికి పట్టిన మూలలను తవ్వి, దుండిగల్ లాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాల్సిందే. స్థలమంతా అలా తవ్వితే మట్టినంతా లారీల్లోకి ఎత్తాలి, దారిపొడవునా దుమ్ము, ఇంకో ఊరి పక్కన గుట్ట. మొక్కలతో శుద్ధి చేస్తామని వచ్చేవాళ్లను కొంచెం అనుమానంగానే చూడండి. టెరిస్ విట్టాటా అనే ఫెర్ను, మన దగ్గరా పాత గోడల పగుళ్లలో కనిపించేదే, ఆర్సెనిక్‌ను విపరీతంగా పీల్చుకుంటుందని 2001లో తేలింది. ఎండిన ఆకు బరువులో రెండు శాతం దాకా చేరుతుంది. అద్భుతమే. కానీ వేర్లు చేరేంత లోతు వరకే అది పనిచేస్తుంది, ఏళ్ల తరబడి కోస్తూ ఉండాలి, కోసిన ఆకు మళ్లీ విషవ్యర్థమే. పైగా ఒక్క ఆర్సెనిక్‌కే ఈ మొక్క. పొద్దుతిరుగుడు నాటితే అంతా శుభ్రమైపోతుందన్న మాటలు ప్రారంభోత్సవాల్లో చెప్పుకోవడానికి బాగుంటాయి.

ఎక్కువచోట్ల నడిచేది మధ్యేమార్గం. విషానికి మూలం, అది ప్రయాణించే దారి, చివర మనిషి. మూడూ కలిస్తేనే ప్రమాదం. దారి తెంపినా చాలు. పార్కింగు, రోడ్లు, ఆటకోర్టు కాంక్రీటు ఇవి మూతలుగా పనిచేస్తాయి. మురికి ఎక్కువున్నచోట పార్కింగు, శుభ్రంగా ఉన్నచోట అంగన్‌వాడీ, కూరగాయల మడులు అయితే నేలకు తగలని తొట్టెల్లో. అందుకే రిపోర్టు ముందు రావాలి, ప్లాను తర్వాత.

కింద ఉన్నదాన్ని ఒప్పుకుని కట్టే ఈ వినయాన్ని అందంగా చేసి చూపింది బ్రెజిల్‌లో ఆర్కిటెక్టు లీనా బో బార్డి. సావో పాలోలో మూతపడ్డ పీపాల ఫ్యాక్టరీని సెస్క్ అనే సంక్షేమ సంస్థ 1971లో కొంది. 1977లో పని అప్పగిస్తే, కూల్చి కొత్తది కడుతుందని అందరూ అనుకుంటుండగా, ఆవిడ ఒక శనివారం వెళ్లి చూసేసరికి ఖాళీ షెడ్డుల్లో పిల్లలు పరుగెడుతున్నారు, కుర్రాళ్లు కారే కప్పు కింద బంతాడుతున్నారు, తల్లులు వంటలు చేస్తున్నారు. ఇక్కడ కమ్యూనిటీ సెంటర్ ముందే ఉంది, నేను పాడుచేయకుండా ఉంటే చాలు అన్న ధోరణిలో షెడ్లన్నీ ఉంచేసింది. గ్రంథాలయం, నాటకశాల, భోజనశాల, చేతిపనుల గదులు వాటిలోనే సర్దింది. క్రీడలకు మాత్రం చోటు చాల్లేదు. మిగిలిన స్థలం నడిమధ్య, భూమి కింద ఒక వాగు పైపులో పారుతోంది, దాని మీద కట్టకూడదు. ఆవిడ వాగుకు అటూ ఇటూ రెండు కాంక్రీటు టవర్లు లేపి, ఒకదాంట్లో ఈతకొలను, కోర్టులు ఒకదాని మీద ఒకటి పేర్చి, రెండో దాంట్లో మెట్లు, బట్టలు మార్చుకునే గదులు పెట్టి, గాలిలో ఎనిమిది వంతెనలతో కలిపింది. వాగు పైన చెక్కలు పరిస్తే అది ఊరి జనం ఎండకు పడుకునే సముద్రతీరమైంది. 1982లో మొదటి భాగం, 1986లో టవర్లు తెరిచారు. ఇవాళ ఆ ఊరికి గర్వకారణమైన ఆ రూపం కేవలం అందం కోసం పుట్టింది కాదు. నేల అడుగున ఉన్నది అలా గీయించింది.

షెడ్డు ఉంచుదామంటే మన దగ్గర ఒక్క జాగ్రత్త. పైన సిమెంటు రేకులుంటే అందులో ఆస్బెస్టాస్ ఉంటుంది. సుత్తితో పగలగొట్టి కిందికి విసిరితే కంటికి కనిపించని పోగులు గాల్లో తేలతాయి, ఆ పని చేసిన కూలీ ఊపిరితిత్తుల్లో ఇరవై ముప్పై ఏళ్లకు ఫలితం తేలుతుంది. నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, పగలకుండా నిలువునా దించాలి. పాత రేకులని కోళ్ల షెడ్డుకు అమ్మకూడదు.

చట్టం సంగతి టూకీగా. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్ర ప్రభుత్వం 2025 జూలైలో తొలిసారి ప్రత్యేక నియమాలు తెచ్చింది. అనుమానమున్న స్థలాల వివరాలు జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి ఇవ్వాలి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేయాలి, పాడుచేసినవారే శుద్ధి ఖర్చు భరించాలి. అంటే ఇవాళ కాలనీ సంఘం రాసే ఒక అర్జీకి చట్టపరమైన ఆధారం ఉంది. నిన్నటిదాకా ఇంత స్పష్టంగా లేదు.

మీ వాడలో మూతపడ్డ ఫ్యాక్టరీ జాగాలో కమ్యూనిటీ హాలు వస్తోందంటే సంతోషంగా వెళ్లండి, సభలో ముందు వరసలో కూర్చోండి. రసాయన పరీక్ష రిపోర్టు కాపీ అడగండి, నమూనాలు ఎక్కడెక్కడ తీశారో చూపించే నక్షా అడగండి, బోరు ఎక్కడ వేస్తున్నారని అడగండి. లవ్ కెనాల్ హెచ్చరిక దస్తావేజులో ఉండి కూడా ఎవరూ పట్టించుకోలేదు. మూతలు పగులుతాయి, ఫ్యాన్లు చెడిపోతాయి, కమిటీలు మారతాయి. అందుకని ఆ రిపోర్టు ఫైలు ఎవరి దగ్గర ఉంటుందో, గచ్చు కింద ఫ్యాను కరెంటు బిల్లు ఎవరు కడతారో, కొత్తగా ఎక్కడైనా తవ్వాలంటే ఎవరిని అడగాలో హాలు కమిటీ మొదటి తీర్మానంలోనే రాయించండి.